ట్యాంకు కింద వైరు

అమ్మాయీ,

రోజూ ఆఫీసుకు తిప్పే బండినే దూర ప్రయాణాలకు సిద్ధం చేస్తున్నావని మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. ఆమెకు బెంగ, నాకు గర్వం. రాత్రి పడుకున్నాక ఆ బెంగ నాకూ అంటుకుంది.

తేలికవి ముందు చెప్పేస్తాను. పక్క పెట్టెలు విడదీయడానికి వీలైనవే కొను. ఆఫీసు రోజుల్లో అవి ఇంట్లోనే ఉండాలి, లేకపోతే బండి వెడల్పు మరిచిపోయి ఎవరి కారు అద్దమో ఊడగొడతావు. బరువైన సామాను కిందికి, నీ సీటుకు దగ్గరగా సర్దు. వెనుక ఇరుసు దాటి బరువు వేలాడితే ముందు చక్రం తేలిపోయి, వేగంలో హ్యాండిలు ఊగుతుంది. టైర్లలో గాలి బయలుదేరే ముందు, అవి చల్లగా ఉన్నప్పుడే చూడు. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి: 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. ట్యూబు టైరుకు ట్యూబ్‌లెస్ పంక్చరు సామాను కొనుక్కుని మురిసిపోకు. గొలుసుకు నూనె సంగతి నీకు వేరే చెప్పాలా!

అదనపు లైట్లు నువ్వే బిగిస్తున్నావట. నా నిద్ర చెడగొట్టింది ఆ మాటే.

నీకంటే చిన్న వయసులో నేనూ రెండు హాలోజన్ లైట్లు బిగించాను. ఒక్కోటి 55 వాట్లు. రెండింటికీ కలిపి, 12 వోల్టుల బ్యాటరీ మీద, 9 ఆంపియర్ల పైచిలుకు. ఆ కరెంటంతా బ్యాటరీ నుంచి నేరుగా హ్యాండిలు మీది స్విచ్చికి, అక్కడి నుంచి లైట్లకు తీసుకెళ్లాను. రిలే (స్విచ్చి నుంచి వచ్చే చిన్న కరెంటుతో లైట్ల పెద్ద కరెంటును కలిపి, విడదీసే పరికరం) లేదు, ఫ్యూజు లేదు. లైట్లు వెలిగాయి కదా, ఇంకేం కావాలి అనుకున్నాను.

నెలల తరబడి ఆ బండి మీదే పనికి వెళ్లాను. ఇరుకు సందుల్లో మలిపినప్పుడల్లా, తాళం వేయడానికి హ్యాండిలు తిప్పినప్పుడల్లా, స్టీరింగు మెడ దగ్గర ఆ వైరు ఇనుముకు రాసుకుంటూనే ఉంది. నాకేం తెలుసు? ఒక రాత్రి వానలో, కొండదారిలో, వైరు తొడుగు అరిగిపోయి, లోపలి రాగి ఫ్రేముకు తగిలింది. లైట్లన్నీ ఒక్కసారిగా పోయాయి, ఇంజను ఆగింది. పెట్రోలు ట్యాంకు కింద నుంచి పొగ. స్క్రూడ్రైవరేమో సామాను అడుగున! సీటు లేపి, తడిగుడ్డ చుట్టుకుని ఆ వైరును పీకేశాను. వేళ్లు బొబ్బలెక్కాయి.

మీ అత్తయ్య అప్పటికే చిన్న టార్చి పట్టుకుని, వచ్చిన దారినే వెనక్కి నడిచి, మలుపు దగ్గర నిలబడి ఊపుతోంది. లారీ ఒకటి వచ్చింది. ఆఖరి క్షణంలో పక్కకు తప్పుకుంది. ఆ రాత్రి ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

"ఎల్‌ఈడీలకు కరెంటు తక్కువే కదా మావయ్యా" అంటావు, నాకు తెలుసు. ఫ్యూజు లైటు కోసం కాదే పిచ్చిదానా, వైరు కోసం. వైరు ఫ్రేముకు తగిలితే ఆ చివర ఏ లైటుందో బ్యాటరీ అడగదు. అందుకే ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. రిలే పెడితే లైట్ల కరెంటు హ్యాండిలు దాకా రానక్కరలేదు, స్విచ్చి నుంచి సన్నటి వైరు చాలు. ఫోను చార్జరునూ తాళంతో పాటు ఆరిపోయేలా కలుపు. ట్రాఫిక్‌లో ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు కరెంటు తక్కువ పుడుతుంది, కాబట్టి ఆఫీసు దారిలో అదనపు లైట్లు ఆపేసే ఉంచు.

కోప్పడ్డానని అనుకోకు. నీ వయసులో నాకు ఈ మాత్రం ఓపిక కూడా లేదు. ఆదివారం బండి తీసుకురా, ట్యాంకు ఊడదీద్దాం. హ్యాండిలు ఆ కొస నుంచి ఈ కొసకు నువ్వు తిప్పు, వైరు ఎక్కడ రాసుకుంటుందో నేను చూస్తాను. మీ అత్తయ్య టార్చి వెతికి పెట్టింది, బ్యాటరీలు మార్చాను.

మావయ్య