ఆవాహన కంటే ముందు ఉద్వాసన నేర్చుకోండి

తిరుపతిలో హాస్టల్లో ఉంటూ డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నానని, రిచువల్ మ్యాజిక్ (విధులతో చేసే మంత్రసాధన), విక్కా (మంత్రవిద్యతో కూడిన ఒక ఆధునిక మతం) అని పాశ్చాత్యులు పిలిచే సాధనల మీద మనసు పడిందని రాశారు. అది చేతబడి లాంటిదేనా, ఒంటరిగా మొదలుపెడితే ప్రమాదమా, అసలు పనిచేస్తుందా అని అడిగారు. నేను తొమ్మిదేళ్లుగా ఈ సాధనలో ఉన్నాను. ఈ ఊళ్లోనే, తాతయ్యగుంటకు దగ్గరలో, మా ఇంటి మిద్దె మీద. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు రెండో ప్రశ్నకు జవాబు చెబుతాను. ప్రమాదం ఉంది. మీరు ఎక్కడ ఉందనుకుంటున్నారో అక్కడ మాత్రం లేదు. మొదటి ఏడాది నాకు జరిగినది చెబితే మీకే అర్థమవుతుంది.

నేను మొదలుపెట్టింది పంచకోణ విధితో. 1888లో లండన్‌లో వెస్ట్‌కాట్, మాథర్స్, వుడ్‌మన్ అనే ముగ్గురు ప్రారంభించిన గోల్డెన్ డాన్ అనే సంఘం కొత్తగా చేరినవారి చేత చేయించిన విధి అది. తూర్పు ముఖంగా నిలబడి నుదురు, రొమ్ము, భుజాలు తాకుతూ హీబ్రూ మాటలు పలకాలి. నాలుగు దిక్కులా గాలిలో అయిదు కోణాల నక్షత్రం గీసి, ఒక్కో దిక్కున ఒక్కో దైవనామం ఉచ్చరించాలి. తూర్పున రఫాయేలు, దక్షిణాన మిఖాయేలు, పడమట గబ్రియేలు, ఉత్తరాన ఊరియేలు నిలిచి ఉన్నట్టు భావించాలి. చివరికి మళ్లీ మొదటి క్రియ చేసి ముగించాలి. పది నిమిషాలు పట్టదు.

అది చదివిన రోజు కలిగిన ఆశ్చర్యం నాకు ఇప్పటికీ గుర్తుంది. మా నాన్న రోజూ విష్ణుసహస్రనామానికి ముందు వేళ్లూ గుండే శిరస్సూ తాకుతూ న్యాసం చేసి, ‘భూర్భువస్సువరోమితి దిగ్బంధః’ అంటూ, అంటే దిక్కులను కట్టడి చేస్తూ, తల చుట్టూ చిటికె వేసేవారు. వినాయక చవితి పూజలో పత్రి తుంచుతూ మేము వినే ‘ఉత్తిష్ఠంతు భూతపిశాచాః’ అన్న శ్లోకం ఏమంటుంది? ఇక్కడ ఉన్న భూతాల్లారా లేచి వెళ్లండి, పని మొదలుపెడుతున్నాం అంటుంది. సంకల్పంలో శ్రీశైలానికి ఏ దిక్కున కూర్చున్నామో, ఏ సంవత్సరమో, ఏ తిథో చెప్పి, ఏం కోరి చేస్తున్నామో చెబుతాం. ఆ తర్వాత ఆవాహన, ఉపచారాలు, చివర ఉద్వాసన. పాశ్చాత్యుల విధిలో ఎముకల గూడు ఇదే. దేవతలు వేరు, భాష వేరు. సంకల్పానికి వారు ఇచ్చే బరువు మరీ ఎక్కువ.

ఇందులో కొంత మన దగ్గర నుంచి వెళ్లినదే. గోల్డెన్ డాన్ వారు ధ్యానానికి వాడిన గుర్తులు చూడండి: పృథివికి పసుపు చతురస్రం, జలానికి వెండి నెలవంక, అగ్నికి ఎర్ర త్రికోణం, వాయువుకు నీలి వృత్తం, ఆకాశానికి నల్లటి అండాకారం. వీటిని వారు తత్త్వాలనే మన మాటతోనే పిలిచారు. ఒకప్పుడు ఆ సంఘంలో ఉన్న అలిస్టర్ క్రౌలీ 1901లో సింహళంలో, అదే సంఘానికి చెందిన అలన్ బెన్నెట్ దగ్గర యోగం అభ్యసించాడు. ఇచ్ఛకు అనుగుణంగా మార్పు కలిగించే శాస్త్రమూ కళా మ్యాజిక్ అని తర్వాత నిర్వచించింది ఆయనే. ఆయన జీవితాన్ని ఆదర్శంగా తీసుకోవద్దు. ఆ నిర్వచనాన్ని మాత్రం నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకోవచ్చు.

ఇక నాకు జరిగినది. మూడు నెలలు పంచకోణ విధి చేశాక ధైర్యం వచ్చి, బుధవారం రాత్రుల్లో బుధగ్రహాన్ని ఆవాహన చేయడం మొదలుపెట్టాను. రోజు వారికీ మనకూ ఒకటే. రంగు మాత్రం వారికి నారింజ, మనకు ఆకుపచ్చ. అప్పట్లో ఒక ప్రైవేటు సంస్థలో లెక్కలు రాసేదాన్ని. పొద్దుపోయి ఇంటికి వచ్చి, తిని, మిద్దెక్కేసరికి పది దాటేది. ఆవాహన వరకు ఎంతో శ్రద్ధగా చేసేదాన్ని. ఒళ్లు గగుర్పొడిచేది, కళ్లలో నీళ్లు తిరిగేవి. అది అయ్యాక అలసటతో, ముగింపు విధి వదిలేసి కిందికి వచ్చి పడుకునేదాన్ని. అసలు ఘట్టం అయిపోయింది కదా అనుకునేదాన్ని.

అయిదారు వారాలకు నిద్ర పోయింది. ప్రతిదీ నాకోసమే చెబుతున్నట్టు అనిపించడం మొదలైంది. బస్సు నంబరులో అర్థం, కాకి అరుపులో అర్థం, పక్కింటి రేడియోలో ఒక మాట వినబడితే అందులోనూ అర్థం. మొదట్లో అది వరంలా తోచింది. ఒకరోజు ఖాతా పుస్తకంలో అంకెలు కూడుతూ, మొత్తం రాయడం మాని ఆ అంకెలు ఏం చెబుతున్నాయా అని చూస్తూ ఉండిపోయాను. పక్క కుర్చీలో ఆవిడ భుజం తట్టేవరకు నాకు తెలియలేదు. ఆ క్షణం కలిగిన భయం మీకు కలగకూడదు.

మరుసటి ఉదయం అమ్మ బట్టలు ఆరవేయడానికి మిద్దెక్కింది. రాత్రి పెట్టిన రాగిచెంబు నీళ్లతో అలాగే ఉంది, చుట్టూ అగరుబత్తి బూడిద. చెంబు తీసుకుని కిందికి వచ్చి నా ముందు పెట్టింది. ఒక్క కోపపు మాట అనలేదు. ‘ఎవరిని పిలిచావో నాకు తెలియదు. ఉద్వాసన చెప్పావా?’ అని అడిగింది. లేదన్నాను. ‘వినాయకుణ్నయినా యథాస్థానం చెప్పి, కదిపి గానీ నిమజ్జనానికి తీసుకెళ్లం. వచ్చినవాళ్లను గుమ్మంలో నిలబెట్టి తలుపు తీసే పడుకుంటే నిద్ర ఎలా పడుతుందే?’ అంది.

గోల్డెన్ డాన్ పేరు కూడా వినని మనిషి నా తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించింది. పాశ్చాత్య విధుల్లోనూ వచ్చిన శక్తికి సెలవు ఇచ్చే మాటలు ఉంటాయి, విక్కాలో నాలుగు దిక్కులకూ వీడ్కోలు చెప్పి వలయం విప్పుతారు. నేను అవన్నీ చదివాను, చేయలేదు, అంతే. నెల రోజులు సాధన పూర్తిగా ఆపాను. వేళకు తిన్నాను. రోజూ సాయంత్రం ముగింపు విధి ఒక్కటే చేసి, చెంబులో నీళ్లు తులసికి పోసేదాన్ని. రెండో వారంలో నిద్ర తిరిగొచ్చింది.

మన ఊరి గంగమ్మ జాతరను ఈ దృష్టితో ఒకసారి చూడండి. మే నెలలో చాటింపు వేశాక ఊరివాళ్లు పొలిమేర దాటి వేరేచోట రాత్రి గడపరు. అది ఊరంతటికీ వేసిన దిగ్బంధం. తర్వాత బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వేషాలు. తెల్లటి నామం సుద్ద పూసుకునే రోజు ఒకటి, కుంకుమ పూసుకునే రోజు ఒకటి, బొగ్గు పూసుకుని వేపమండలు కట్టుకునే రోజు ఒకటి. మగవాళ్లు చీర కట్టి, జడ వేసి, పూలు పెట్టుకుని మొక్కు తీర్చుకుంటారు. గోల్డెన్ డాన్ వారు దేవతారూపం ధరించడమనే సాధన నేర్పేవారు. దేవత ఆకారాన్ని తన ఒంటి చుట్టూ ఊహించుకుని, ఆ దేవతగా నిలబడటం. వారు తలుపులు మూసి చేసినది ఇక్కడ నడివీధిలో, వేలమంది మధ్య జరుగుతుంది. చివరికి అమ్మవారి మట్టి విశ్వరూపం, ఆ రూపానికి చెంప నరకడం. అంత పెద్ద రూపాన్నీ ముక్కలు చేసి ఆ మట్టిని పంచేస్తారు. చిన్నప్పుడు అమ్మ ఆ మట్టిని కొంగున కట్టుకుని తెచ్చి, నీళ్లలో తడిపి మా నుదుటికి రాసేది. ఆ ముగింపు అయ్యాక ఊరు ఊరిలా ఉంటుంది. పాలవాడు వస్తాడు, బడి ఆటోలు తిరుగుతాయి. ఇంత పూనకాన్ని ఇంత శుభ్రంగా విప్పగలిగిన విధి ఇంకొకటి నేను చూడలేదు.

చేతబడి సంగతి. విక్కాను ప్రపంచానికి పరిచయం చేసింది జెరాల్డ్ గార్డ్‌నర్, మలయాలో కస్టమ్స్ ఉద్యోగం చేసి రిటైరైన ఇంగ్లీషువాడు. బ్రిటన్‌లో 1735 నాటి మంత్రవిద్య చట్టం 1951లో రద్దయ్యాక, 1954లో దీని గురించి పుస్తకం వేశాడు. ఇది వేల ఏళ్లుగా రహస్యంగా కొనసాగిన మతమన్న వాదనను చరిత్రకారులు అంగీకరించరు. నా దృష్టిలో దాని విలువ వయసు మీద ఆధారపడి లేదు. దాని నీతి సూత్రం ఒకటే: ఎవరికీ హాని చేయకు, ఆ తర్వాత నీ ఇష్టం. ఎదుటివాడి ఒంటికి కీడు తలపెట్టే చేతబడితో దీనికి పోలిక లేదు.

అయినా ‘నేను మంత్రగత్తెను’ అనే మాట సరదాకు కూడా అనకండి. ఇంగ్లీషులో ఆ మాటను గర్వంగా చెప్పుకునే రోజులు వచ్చాయి. మన పల్లెల్లో చేతబడి, చిల్లంగి అన్న అనుమానంతో మనుషులను కట్టేసి కొట్టారు, చంపారు. 2021 జనవరిలో మదనపల్లెలో చదువుకున్న ఇంట్లో మూఢనమ్మకానికి ఇద్దరు ఆడపిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్న వార్త చదివిన రాత్రి నేను నా నోటుపుస్తకాలన్నీ తీసి, ఎక్కడైనా నేను ఆ దారిలో అడుగు వేశానా అని తెల్లవార్లూ చదువుకున్నాను. మీ సాధనలోకి ఇంకొకరి ప్రాణం, శరీరం, ఇష్టం రాకూడదు. ప్రేమ కోసం వశీకరణం కూడా అందులోకే వస్తుంది. డబ్బు అడిగేవాడి దగ్గరికి వెళ్లకండి. మంత్రాలతో, తాయెత్తులతో జబ్బులు నయం చేస్తామనే ప్రకటనలను 1954 నాటి కేంద్ర చట్టం ఒకటి నిషేధించిందని కూడా తెలుసుకోండి.

పనిచేస్తుందా అన్నారు. ఒక ఉదాహరణ చెబుతాను. ఆస్టిన్ ఒస్మాన్ స్పేర్ అనే లండన్ చిత్రకారుడు ఒక పద్ధతి ఇచ్చాడు: కోరికను వాక్యంగా రాసి, మళ్లీ వచ్చిన అక్షరాలు కొట్టేసి, మిగిలినవాటిని ఒకే గుర్తుగా కలిపి, దానిమీద మనసు నిలిపి, ఆ తర్వాత కోరికను మరిచిపోవాలి. నేను తెలుగులో చేశాను. పనిచేసే చోట మూడు నెలల జీతం ఆపారు, అడగడానికి గొంతు రావడం లేదు. ‘నాకు ధైర్యం రావాలి’ అని రాశాను. గుణింతాలు, సున్నా తీసేసి, రెండోసారి వచ్చిన ‘ర’ కొట్టేస్తే న, క, ధ, ర, య, వ, ల మిగిలాయి. మన అక్షరాలు గుండ్రనివి కాబట్టి కలిపేసరికి మెలికల ముగ్గులా తయారైంది. తెల్లవారుజామున వాకిట్లో ఆ ముగ్గే వేసి, అది చెరిగిపోయేదాకా మళ్లీ తలచుకోలేదు. నాలుగో రోజు వెళ్లి అడిగాను. గొంతు వణకలేదు. రెండు నెలల జీతం ఇచ్చారు, మూడోది ఇవ్వలేదు. ఆ ముగ్గు యజమాని మనసు మార్చిందని నేను అనను. నన్ను మార్చింది.

మీరు మొదలుపెట్టే తీరు చెబుతాను. మూడు నెలలు పంచకోణ విధి తప్ప మరేదీ వద్దు. హీబ్రూ నామాలు నోరు తిరగకపోతే ఇంద్రుడు, యముడు, వరుణుడు, కుబేరుడు అని మన దిక్పాలకులను పెట్టుకోండి. నేను ఇప్పుడు అలాగే చేస్తున్నాను. ఉత్తరానికి తిరిగేసరికి ఎదురుగా తిరుమల కొండ ఉంటుంది, ఆ దిక్కున నిలబడటానికి ఎవరినీ ఊహించుకోవలసిన పని లేదు. ఒకే విధిలో సగం అది, సగం ఇది మాత్రం కలపకండి. ప్రతి రాత్రీ తేదీ, సమయం, ఒంట్లో ఎలా ఉంది, ఏం చేశారు, ముగించారా లేదా అన్నది పడుకోకముందే రాయండి. వరుసగా మూడు రాత్రులు నిద్ర పట్టకపోతే సాధన ఆపి వైద్యుణ్ని కలవండి, నాలాగా ఆరు వారాలు ఆగకండి.

గదిలో మీతో ఇంకో అమ్మాయి ఉంటుందన్నారు కదా. ఆమెకు ముందే చెప్పి, ఒప్పుకుంటేనే చేయండి. హాస్టల్లో దీపం, కొవ్వొత్తి వద్దు, పరుపులూ పుస్తకాలూ ఉన్న చోటు. చెంబుడు నీళ్లు చాలు. అయ్యాక వాటిని ఏదైనా మొక్కకు పోసి, చెంబు బోర్లించి పడుకోండి.