స్టీరింగ్ వదులైతే ముందు ఏం చూడాలి?

ప్రశ్న: మా పాత కారు వేగం పెరిగితే అటూ ఇటూ లాగుతోంది. అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) రెండుసార్లు చేయించినా అంతే. లోపం ఎక్కడుంది?

జవాబు: అరిగిన భాగాలు మార్చకుండా చేయించిన అలైన్‌మెంట్ నిలవదు. ముందు టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి సరిచూడండి. తర్వాత చక్రాలు నేలమీదే ఉంచి, ఒకరు స్టీరింగ్‌ను కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పుతుంటే మీరు టై రాడ్ (స్టీరింగ్ కదలికను చక్రానికి అందించే కడ్డీ) చివరలు, ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే పక్కలకు జరిగే పళ్ల కడ్డీ) బుష్‌లు, స్టీరింగ్ జాయింట్ గమనించండి. ఒకవైపు కదిలి రెండోవైపు ఆలస్యంగా కదిలే కీలు దగ్గరే అరుగుదల ఉంటుంది. చాలావరకు ఇక్కడే దొరుకుతుంది.

దొరక్కపోతే కారును జాకీతో లేపి, స్టాండ్ మీద నిలిపాకే చక్రాన్ని ఊపండి. పక్కలు పట్టుకుంటే ఊగేది సాధారణంగా టై రాడ్. పైనా కిందా పట్టుకుంటే ఊగేది చక్రం బేరింగో, బాల్ జాయింటో (చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే గుండ్రటి కీలు). బ్రేక్ తొక్కించినప్పుడు ఊపు ఆగితే బేరింగే. బ్రేక్ వేసినప్పుడు మాత్రమే కారు పక్కకు పోతే కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని కారు చట్రానికి కలిపే చేయి) బుష్‌ల రబ్బరు చిట్లిందేమో చూడండి, బ్రేక్ క్యాలిపర్ (బ్రేక్ ప్యాడ్లను నొక్కే భాగం) పట్టేసినా అలాగే లాగుతుంది.

ర్యాక్ స్క్రూ బిగించి సరిపెట్టమని ఎవరన్నా ఒప్పుకోకండి. ర్యాక్ మధ్యలో ఎక్కువ అరుగుతుంది. అక్కడికి సరిపడా బిగిస్తే మలుపులో స్టీరింగ్ పట్టేస్తుంది, అది ప్రమాదం. భాగాలు మార్చాకే అలైన్‌మెంట్. టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) బయటికి తిరిగినా, క్యాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) తగ్గినా బండి తిన్నగా పోదు, ఆ రెండు అంకెలూ రిపోర్టులో అడిగి చూడండి.