రోజూ పొద్దున్నే వేలు చూపించమంటాడు

ప్రశ్న: నాకు 66 ఏళ్లు. మాది తెనాలి. కోవిడ్ సెకండ్ వేవ్‌లో మావారు పోయారు. గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో తొమ్మిది రోజులుండి, 2021 మే 14 తెల్లవారుజామున నాలుగింటికి వెళ్లిపోయారు. ఒక్కడే కొడుకు. డల్లాస్‌లో ఉద్యోగం. అప్పుడు రాలేకపోయాడు. వస్తే తిరిగి వెళ్లడానికి వీసా స్టాంపింగ్ కావాలి, ఇక్కడ కాన్సులేట్‌లో అపాయింట్‌మెంట్లు రద్దు చేశారు. పైగా మే 4 నుంచి ఇక్కడివాళ్లని అమెరికా రానివ్వడం ఆపేసింది. కోడలికి ఏడో నెల. ‘నువ్వు రావద్దురా’ అని నేనే చెప్పాను. మా మరిది కొడుకు కర్మలు చేస్తుంటే వీడు వీడియోలో చూశాడు. 2022 డిసెంబరులో వచ్చి, దాచి ఉంచిన అస్థికలు కృష్ణలో కలిపాడు.

ఇన్నేళ్లయినా రోజూ పొద్దున ఏడింటికి వీడియో కాల్ చేస్తాడు. రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే పల్స్ ఆక్సీమీటర్‌లో వేలు పెట్టి నంబరు చూపించాలి. చూపిస్తేగానీ నిద్రపోడు. పోయిన ధనుర్మాసంలో ముగ్గు వేసి, చన్నీళ్లతో చేతులు కడుక్కుని వెంటనే వేలు పెడితే 88 అంది. అంతే, ఎదురింటివాళ్లకి ఫోన్ చేసి అంబులెన్స్ పిలిపించాడు. వీధంతా పోగయింది. ఆసుపత్రిలో చూస్తే 98! నాకు తల కొట్టేసినట్టయింది. ఇప్పుడేమో ‘అక్కడ ఒక్కదానివీ వద్దు, ఇక్కడికి వచ్చెయ్’ అంటున్నాడు. నాకు ఇల్లు వదలాలని లేదు. ఆ వేలు చూపించడం ఇక చాలురా అని నొప్పించకుండా ఎలా చెప్పను?

– ఒక అమ్మ, తెనాలి

జవాబు: అమ్మా, ఆ మే నెలలో నేనూ డల్లాస్‌లోనే ఉన్నాను, మా అమ్మాయి పురుటికి వెళ్లి. అందుకని ఈసారి సలహా తక్కువై నా సొద ఎక్కువైతే సర్దుకోండి.

అక్కడ ఎలా ఉండేదో మీ అబ్బాయి మీకు చెప్పి ఉండడు. చెప్పడానికి సిగ్గేస్తుంది. టెక్సాస్‌లో మార్చి 10కే మాస్కు రూలు తీసేశారు. ఆ నెలాఖరుకి పెద్దవాళ్లెవరైనా టీకా వేయించుకోవచ్చన్నారు. ఫెయిర్ పార్క్ అని పెద్ద మైదానం, అక్కడ కారు దిగకుండానే కిటికీలోంచి భుజం చూపిస్తే నాకు సూది వేసేశారు. కాకినాడలో మా తమ్ముడు రెండో డోసుకోసం చీకటితోనే వెళ్లి లైన్లో నిలబడి, స్టాకు లేదంటే తిరిగొచ్చాడు. ఆ లైన్లోనే అంటుకుందని మా మరదలు ఇప్పటికీ అంటుంది. సాయంత్రం పార్కులో పిల్లలు ఉయ్యాలలూగుతుంటే, చేతిలో ఫోన్లో ‘ఓ పాజిటివ్ ప్లాస్మా కావాలి’, ‘రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్ ఎక్కడైనా దొరుకుతుందా’, ‘ఆక్సిజన్ బెడ్, విజయవాడ, అర్జెంట్’. మే 7న ఒక్కరోజే నాలుగు లక్షల 14 వేల కేసులని వార్తొచ్చిన పూట పక్కింటి అమెరికన్ ఆవిడ గడ్డి కోయిస్తూ నాకు చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. ఏం చెయ్యను?

మా అల్లుడు పగలు ఆఫీసు పని, రాత్రి ఇండియా పని. పదిన్నర గంటల తేడా కదా, అక్కడ చీకటి పడేసరికి ఇక్కడి ఆసుపత్రుల నంబర్లు తిప్పడం మొదలు. ఎక్సెల్ షీటులో ఊళ్లవారీగా రాసుకున్నాడు. ఫోనెత్తనివాళ్లకి ఎర్ర రంగు. మూడు రోజులకి షీటంతా ఎర్రగా అయిపోయింది. దుబాయ్, కువైట్‌లలో ఉన్న కరీంనగర్ వాళ్లకీ అంతే. ఏప్రిల్ 24 నుంచి మన విమానాల్ని ఆ దేశాలు రానివ్వలేదు, వెళ్తే ఉద్యోగం మాటేమిటో తెలియదు. ఆస్ట్రేలియా అయితే మే మొదట్లో రెండు వారాలు సొంత పౌరుల్నే ఇండియా నుంచి తిరిగి రావద్దంది, వస్తే జైలు అంది.

మీ అబ్బాయి విషయానికొస్తాను. ఆ తొమ్మిది రోజులూ వాడికి నాన్నంటే ఒక నంబరు. పొద్దున ఇంత, సాయంత్రం ఇంత, ఆక్సిజన్ ఇన్ని లీటర్లు. మాకూ అంతే, తమ్ముడి ముఖం కంటే వాడి ఆక్సిజన్ సాచురేషన్ నంబరు నాకు బాగా గుర్తు. కంటి ముందునుంచి ఆ నంబరు తప్పిస్తే మనిషి తప్పిపోతాడన్నట్టు ఉండేది. వాడికి ఆ నమ్మకం ఇంకా వదల్లేదు. కాబట్టి ఒక్కసారిగా ‘ఇక చూపించను’ అనకండి. రోజూ కాకుండా ఆదివారాలు చూపిస్తానని బేరం పెట్టండి. వేళ్లు చల్లగా ఉన్నా, గోళ్లకి రంగున్నా ఆ మిషను తప్పు చూపిస్తుంది; చేతులు రుద్దుకుని, ఐదు నిమిషాలు కూర్చుని పెట్టాలి. 95 పైన ఉంటే మామూలే. నన్నడిగితే మన వయసుకి బీపీ చూసుకోవడం ఎక్కువ అవసరం. మిగతా ఆరు రోజులూ ఆ సమయానికి కెమెరా ముందు కాఫీ కలుపుకోండి. పొయ్యి దగ్గర మీరు తిరుగుతుంటే వాడు చూస్తాడు, చాలు. అయినా నిద్ర పట్టడం లేదంటే అక్కడి డాక్టరుతో మాట్లాడమనండి, మొహమాటం అక్కర్లేదు. మీకే గుండె బరువనిపించిన రోజున 14416కి ఫోన్ చేయండి, టెలి మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు.

అసలు సంగతి వేరే ఉంది. మే 14 తెల్లవారుజామున నాలుగంటే డల్లాస్‌లో 13 సాయంత్రం ఐదున్నర. అంటే తండ్రి పోయిన తేదీయే మీకొకటి, వాడికొకటి. ఆ ఐదున్నరకి వాడెక్కడున్నాడు? ఎవరు ఫోన్ చేసి చెప్పారు? మీరెప్పుడైనా అడిగారా? మీ సంగతులైనా వాడికి తెలుసా? ఆ రోజుల్లో ఊళ్లో ఉన్నవాళ్లే వార్డు లోపలికి వెళ్లలేదు. మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ. మా మేనల్లుడు అదే ఊళ్లో ఉండి, కొబ్బరినీళ్ల సీసా మీద మా తమ్ముడి పేరు రాసి గేటు దగ్గర ఇచ్చి రావడమే. తాగాడో లేదో ఎవరూ చెప్పలేదు. మీ అబ్బాయి విమానమెక్కి వచ్చినా ఆ గేటు దగ్గరే నిలబడేవాడు. ఈ ముక్క వాడికి ఇంకెవరు చెప్పినా ఎక్కదు, మీరే చెప్పాలి. ‘ఎందుకులే, బాధపడతాడు’ అని మీరు, ‘ఎందుకులే, అమ్మ ఏడుస్తుంది’ అని వాడు దాచుకున్నారు.

మా ఇంట్లోనూ రెండేళ్లు ఇదే జరిగింది. కాకినాడ వెళ్తే మరదలూ నేనూ మామిడికాయల ధర మాట్లాడుకునేవాళ్లం. ఒకరోజు ఆవకాయకి ముక్కలు తుడుస్తూ తలెత్తకుండా అడిగింది: ‘వదినా, ఆయన పోయినప్పుడు మీరేం చేస్తున్నారు?’ నా చేతిలో గుడ్డ ఆగిపోయింది. నేను అప్పుడు కాళ్లు చాపుకుని పసిదానికి స్నానం చేయిస్తున్నాను. అది ఆవులిస్తే నవ్వాను కూడా. ఫోన్ మోగుతుంటే, ఒళ్లు తుడిచాక తీద్దామనుకున్నాను. ఆ మాటే చెప్పాను. తిడుతుందనుకున్నాను. ‘అప్పటికి పాపకి ఎన్నో రోజు?’ అంది. పదహారో రోజన్నాను. తర్వాత తను చెప్పడం మొదలుపెట్టింది. సాయంత్రం దీపాల వేళ దాకా చెప్పింది. ఆ యేడు ఆవకాయలో ఉప్పు ఎక్కువైంది.

ఇక అమెరికా సంగతి. మనవణ్ణో మనవరాలినో చూడ్డానికి వెళ్లండి, నాలుగు నెలలుండి రండి. వాడి భయానికి మందుగా మాత్రం ఇల్లు తాళం వేసి వెళ్లకండి. పక్కగదిలో ఉన్నా వేలు చూపించమంటాడు.

ప్రశ్న: (అదే ఉత్తరం చివర) ఇంకో మాట. అప్పుడు మా అబ్బాయి ఆక్సిజన్ కాన్సెంట్రేటర్ పంపించాడు. పెద్దకర్మ అయిన వారానికి వచ్చింది. విప్పకుండా మేడమీద గదిలో పెట్టాను. ఎవరికైనా ఇవ్వవచ్చా?

జవాబు: నేరుగా రోగికి మాత్రం ఇవ్వకండి. ఆ మిషన్‌లో జియోలైట్ గుళికలుంటాయి, గాలిలో నైట్రోజన్ పట్టేసి ఆక్సిజన్ వదిలేవి అవే. ఏళ్ల తరబడి పడి ఉంటే తేమ పట్టి పాడవుతాయి. పైగా అమెరికాది 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మన 230కి ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టేజీ సరిపోతుందిగానీ మన కరెంటు 50 హెర్ట్జే కాబట్టి లోపలి కంప్రెసర్ నెమ్మదిగా తిరుగుతుంది, ఆక్సిజన్ శాతం తగ్గిపోవచ్చు. పెట్టె మీద ఏ వోల్టులో, ఎన్ని హెర్ట్జో చూసి, ఆసుపత్రి పరికరాలు బాగుచేసే టెక్నీషియన్‌తో శాతం కొలిపించాకే ఎవరికైనా ఇవ్వండి.

తొందరేం లేదు. ఈసారి మీ అబ్బాయి వచ్చినప్పుడు కత్తెర వాడి చేతికిచ్చి, వాణ్ణే విప్పమనండి.