ఈత కొలను బిల్లు ఎవరు కట్టారు?

ప్రశ్న: ఆఫ్రికా దేశాల్లో అధ్యక్షుడు తిన్న సొమ్ము కక్కించిన దాఖలా ఒక్కటైనా ఉందా? మన లోకాయుక్త లాంటిది అక్కడ ఉందా?
– ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ఉందండీ, కాకపోతే కక్కింది కొంచెమే. దక్షిణాఫ్రికా అధ్యక్షుడిగా ఉండగా జేకబ్ జుమా న్‌కాండ్లాలోని సొంతింటికి భద్రత పేరు చెప్పి చేయించిన పనుల ఖర్చు 24.6 కోట్ల రాండ్లని (రాండ్ అక్కడి కరెన్సీ) మన లోకాయుక్త లాంటి పదవైన పబ్లిక్ ప్రొటెక్టర్‌లో ఉన్న థులి మడోన్సెలా 2014లో లెక్క తేల్చారు. ఈత కొలను, పశువుల దొడ్డి, కోళ్ల గూడు, ఆరుబయలు రంగస్థలం, అతిథుల భవనం: ఈ ఐదింటికీ భద్రతతో పనిలేదు, వాటి ఖర్చులో తగిన వాటా జుమాయే కట్టాలన్నారు. పోలీసు మంత్రి మాత్రం అది ఈత కొలను కాదు, మంటలార్పే నీళ్ల కోసమని వాదించి, ఫైరింజన్ సిబ్బంది అందులోంచి నీళ్లు తోడుతున్న వీడియో కూడా వేసి చూపించారు! అధికార పక్షానికి మెజారిటీ ఉన్న పార్లమెంటు సరేనంది.

కథ మలుపు తిరిగింది 2016 మార్చి 31న. పబ్లిక్ ప్రొటెక్టర్ ఆదేశం సలహా కాదు, కోర్టు కొట్టేస్తే తప్ప పాటించి తీరాల్సిందేనని రాజ్యాంగ న్యాయస్థానం తేల్చింది. మన లోకాయుక్త ప్రధానంగా సిఫారసు చేసే సంస్థ, తేడా అక్కడుంది. ఎంత కట్టాలో 60 రోజుల్లో లెక్కగట్టే పని జుమా మనుషులకు కాకుండా ఖజానా శాఖకు అప్పజెప్పడం అసలు తెలివి. ఆ తర్వాత 45 రోజుల్లో ఆయన సొంత డబ్బుతో చెల్లించాలి. తేలింది సుమారు 78 లక్షల రాండ్లు, అంటే మొత్తం ఖర్చులో వందకు మూడు. అదీ వీబీఎస్ అనే బ్యాంకులో అప్పు తెచ్చి కట్టారు. లోపలివాళ్లే దోచుకోవడంతో ఆ బ్యాంకు 2018లో కుప్పకూలింది.

పబ్లిక్ ప్రొటెక్టర్ పదవికి గడువు ఏడేళ్లు, ఒక్కసారే. తీసెయ్యాలంటే జాతీయ అసెంబ్లీలో మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. మళ్లీ పదవి ఇస్తారన్న ఆశ గానీ రేపే పీకేస్తారన్న భయం గానీ ఉండదు. అయినా కుర్చీలో ఎవరు కూర్చున్నారన్నది ముఖ్యమే: మడోన్సెలా తర్వాత వచ్చిన ఎంఖ్వెబానేను 2023లో అసెంబ్లీయే ఓటేసి తొలగించింది.

ప్రశ్న: స్విస్ బ్యాంకుల నుంచి అబాచా డబ్బు నైజీరియాకు తిరిగొచ్చిందంటారు. మళ్లీ తినేయకుండా ఏం చేశారు?
– డిగ్రీ విద్యార్థిని, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: సైనిక పాలకుడు సానీ అబాచా 1998లో చనిపోయాడు. ఫలానా లంచం ఫలానా ఖాతాలో పడిందని రూపాయి రూపాయికీ నిరూపించాలంటే తరాలు పడుతుంది. అందుకే 2005లో స్విస్ సుప్రీంకోర్టు అబాచా బృందాన్ని నేరస్థుల ముఠాగా పరిగణించి, డబ్బు సక్రమమేనని చూపించే భారం వాళ్లమీదే పెట్టింది. తొలి విడతల సొమ్ము సర్కారు బడ్జెట్‌లో కలిసిపోయి, ఏ పనికి ఎంత వెళ్లిందో తేల్చడం కష్టమైంది. 2017 డిసెంబరు ఒప్పందంలో అందుకే షరతు పెట్టారు: సుమారు 32 కోట్ల డాలర్లు ప్రపంచ బ్యాంకు పర్యవేక్షణలో, నిరుపేద కుటుంబాలకు నెలకు 5,000 నైరాల చొప్పున నేరుగా చేరాలి. ఇక చిక్కంతా లబ్ధిదారుల జాబితాతోనే. రేషన్ కార్డుల సంగతి తెలిసిన మనకు వేరే చెప్పాలా! అనీజ్ అనే స్వచ్ఛంద సంస్థ మనుషులు ఊళ్లకు వెళ్లి, డబ్బు ముట్టిందా లేదా అని జాబితాలోని వాళ్లనే అడిగి చూశారు.