జూన్‌టీన్త్ జరపడం ఎలా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: బానిసల కోసం అమెరికా అధ్యక్షుడు లింకన్ విముక్తి ప్రకటన 1863 జనవరి 1నే వచ్చింది కదా, బానిస విముక్తి దినమైన జూన్‌టీన్త్‌ను టెక్సస్‌లో జూన్ 19న ఎందుకు జరుపుతారు? (పాఠకుడు, కరీంనగర్)

జవాబు: ప్రకటన వచ్చినా దాన్ని అమలు చేసే సైన్యం అక్కడికి చేరలేదు. అమెరికా అంతర్యుద్ధంలో టెక్సస్ తిరుగుబాటు రాష్ట్రాల్లో ఒకటి. యజమానులు ఆ ప్రకటనను లెక్కచేయకపోగా, పక్క రాష్ట్రాల నుంచి కూడా బానిసలను అక్కడికి తరలించారు. 1865 జూన్ 19న టెక్సస్ రేవు పట్టణం గాల్వెస్టన్‌లో కేంద్ర ప్రభుత్వ సైన్యానికి చెందిన మేజర్ జనరల్ గోర్డన్ గ్రేంజర్, బానిసలందరూ స్వతంత్రులని తెలిపే జనరల్ ఆర్డర్ నంబర్ 3 జారీ చేశాడు. టెక్సస్‌లో అప్పటికి సుమారు రెండున్నర లక్షల మంది బానిసలున్నారు. ఆ తర్వాత కూడా పంట చేతికొచ్చేదాకా మాట బయటపెట్టని యజమానులు ఉన్నారు. లింకన్ ప్రకటన వర్తించని డెలావేర్, కెంటకీ రాష్ట్రాల్లోనైతే బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ రాజ్యాంగ సవరణ ఆమోదం పొందిన 1865 డిసెంబరు దాకా బానిసత్వం సాగింది. టెక్సస్ నల్లజాతి ప్రజలు 1866 నుంచే ఈ రోజును జరుపుకుంటున్నారు. 1980 నుంచి అది ఆ రాష్ట్రంలో సెలవు దినం, 2021 నుంచి దేశమంతటా.

ప్రశ్న: మా కాలనీలో తెలుగు కుటుంబాలం కలిసి ఈ రోజు జరపాలనుకుంటున్నాం. ఏది ముందు, ఏది వెనుక? (పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సస్)

జవాబు: ముందుగా మీ ఊళ్లోని నల్లజాతి చర్చినో, సంఘాన్నో కలవండి, అదీ మార్చిలోపే. వాళ్ల కార్యక్రమం ఉంటే అందులో చేతనైన పని అందుకోవడమే మేలు. మీరే విడిగా చేస్తే మైకు, వేదిక వాళ్లకు అప్పగించండి. ఈ రోజు వాళ్లది. 1872లో హ్యూస్టన్‌లో ఒకప్పుడు బానిసగా ఉన్న పాస్టర్ జాక్ యేట్స్ వంటి నల్లజాతి పెద్దలు చందాలు పోగుచేసి, ఈ వేడుక కోసమే 10 ఎకరాలు కొన్నారు. అదే నేటి ఎమాన్సిపేషన్ పార్కు. మన సినిమా పాటల డాన్సులు ఆ రోజు వద్దు.

పార్కు బుకింగ్, మైకు అనుమతి, బయటివాళ్లకు భోజనం పెడితే ఆరోగ్య శాఖ తాత్కాలిక పర్మిట్ గురించి సిటీ ఆఫీసులో రెండు నెలల ముందే కనుక్కోండి. చివరి వారంలో ఆగిపోయేది ఎక్కువగా భోజనాల పర్మిట్ దగ్గరే.

ఉదయం 7 గంటలకు నడక పెట్టండి. ఈ రోజును జాతీయ సెలవు చేయాలని పోరాడిన ఫోర్ట్‌వర్త్‌కు చెందిన ఓపల్ లీ గారు, లింకన్ ప్రకటన టెక్సస్ చేరడంలో జరిగిన రెండున్నరేళ్ల ఆలస్యానికి గుర్తుగా రెండున్నర మైళ్లు నడిచే పద్ధతి తెచ్చారు. పిల్లలతో గంటంపావు పడుతుంది. తొమ్మిది దాటితే ఎండ పెద్దవాళ్లను కూలదోస్తుంది. మనిషికి లీటరు నీళ్లు ఉండాలి.

నడక అయ్యాక గ్రేంజర్ ఆర్డర్ చదవాలి. రెండు నిమిషాలు కూడా పట్టదు, అయినా చాలాచోట్ల “బానిసలందరూ స్వతంత్రులు” అన్న వాక్యం, సంపూర్ణ సమానత్వం అన్న మాట చదివి ఆపేస్తారు. అలా చేయకండి. ఉన్నచోటే ఉండి కూలికి పని చేసుకోండి, సైనిక శిబిరాల దగ్గర గుమిగూడనివ్వం, ఊరికే కూర్చుంటే పోషించం అన్న మాటలు కూడా అందులోనే ఉన్నాయి. సెంటు భూమి, చేతిలో డబ్బు లేకుండా, నిన్నటి యజమాని దగ్గరే కూలి వెతుక్కోమన్న స్వేచ్ఛ అది. చివరి వాక్యాలు మింగేస్తే అదేదో వరంలా వినిపిస్తుంది. చదివాక ఒక నిమిషం ఆగి, పెద్దలకు మాట్లాడే అవకాశం ఇవ్వండి.

జూన్‌టీన్త్ జెండాలో నీలం పైన, ఎరుపు కింద, నడుమ తెల్లని నక్షత్రం. తలకిందులుగా కట్టడం తరచూ చూస్తాం, కట్టేముందు సరిచూసుకోండి.

ప్రశ్న: జూన్‌టీన్త్ నాడు ఎర్ర పానీయం ఎందుకు? ఎలా చేయాలి? (పాఠకురాలు, హ్యూస్టన్)

జవాబు: చిందిన రక్తానికీ, చెక్కుచెదరని ఓర్పుకూ ఎరుపు గుర్తు. స్ట్రాబెర్రీ సోడా చాలామంది పెడతారు. దానికంటే పాతది పశ్చిమ ఆఫ్రికా వాళ్ల మందార జాతి పానీయం. అందులో వాడేది మన ఎర్ర గోంగూర మొక్క కాయ చుట్టూ ఉండే దళసరి ఎర్ర రేకలే. మెక్సికన్ కొట్లలో ‘ఫ్లోర్ దె హమైకా’ అని ఎండువి దొరుకుతాయి.

20 మందికి 100 గ్రాముల ఎండు రేకలు తీసుకుని, ఇసుక పోయేలా ఒక్కసారి కడగండి. లీటరు నీళ్లలో రెండంగుళాల అల్లం దంచి వేసి, మరిగాక స్టవ్ ఆపి, రేకలు వేసి మూత పెట్టండి. 20 నిమిషాల తర్వాత పలుచని గుడ్డలో వడకట్టి, వేడి మీదే 250 గ్రాముల పంచదార కరిగించి, 3 లీటర్ల చల్లనీళ్లు కలపండి. రేకలు మరిగిస్తే వగరెక్కుతుంది. అల్యూమినియం గిన్నె వద్దు, పులుపుకు లోహం రుచి దిగుతుంది. ఐసు వేస్తే ఎండలో పలచబడిపోతుంది కాబట్టి ముందురోజు ఇదే పానీయాన్ని అర లీటరు ట్రేల్లో గడ్డకట్టించి, ఆ ముక్కలే వేయండి.

ప్రశ్న: గాల్వెస్టన్ వెళ్తే ఏం చూడాలి? (పాఠకుడు, డాలస్)

జవాబు: యాష్టన్ విల్లా అనే పాత భవనం బాల్కనీ నుంచే గ్రేంజర్ ఆర్డర్ చదివాడని చెప్పేవాళ్లుంటారు, దానికి ఆధారం లేదు. గ్రేంజర్ సైన్యం కార్యాలయం ఉన్నది స్ట్రాండ్ అనే వీధి, 22వ వీధి కలిసే కూడలిలో. స్మారక ఫలకం, 2021లో గీసిన పెద్ద గోడచిత్రం అక్కడున్నాయి. అక్కడి నుంచి రీడీ చాపెల్ చర్చికి వెళ్లండి, ఏటా విముక్తి ఊరేగింపుతో ముడిపడిన చర్చి అది.