జెర్మాట్‌కి తక్కువ డబ్బుతో వెళ్ళాలంటే కింద లోయలో రూమ్ తీసుకోవడం మేలా?

ప్రశ్న అడిగినవారు జర్మనీలో మాస్టర్స్ చేస్తున్నారట. జనవరిలో అమ్మానాన్నలు వస్తున్నారట. వాళ్ళకి స్విట్జర్లాండ్‌లో మాటర్‌హార్న్ కొండ కింద ఉన్న జెర్మాట్ ఊరు చూపించాలి, వీలైతే స్కీయింగ్ చేయాలి, చేతిలో డబ్బు అంతంతమాత్రం. కింద లోయలో చవకగా రూమ్ తీసుకుని పగలు పైకి వెళ్ళి రావచ్చా అని అడిగారు.

స్కీయింగ్ మానేయండి. రూమ్ మాత్రం పైనే తీసుకోండి. అందరూ దీనికి తిరగేసి చెప్తారని నాకు తెలుసు. నేను 2023 జనవరిలో స్టుట్‌గార్ట్ నుంచి మా అమ్మని తీసుకుని వెళ్ళాను. వెళ్ళింది ఒక్కసారే, అయినా ఈ విషయంలో ఎవరితోనైనా వాదిస్తాను.

ముందు స్కీయింగ్ సంగతి. కొండ మీదికి తీసుకెళ్ళే లిఫ్టుల పాసు, బూట్లు, స్కీలు, హెల్మెట్ అద్దె, నేర్పేవాళ్ళ ఫీజు అన్నీ కలిపితే రోజుకి మనిషికి రెండొందల ఫ్రాంకులు ఇట్టే దాటిపోతాయి. అంత పెట్టి మనం చేసేదేమిటంటే, పిల్లలు నేర్చుకునే వాలు మీద ఐదేళ్ళ స్విస్ పిల్లకాయల మధ్య పడుతూ లేస్తూ ఉండటం. మా క్లాస్‌మేట్ ఒకడు అలాగే వెళ్ళి చేతికి కట్టుతో తిరిగొచ్చాడు. వాడి దగ్గర స్కీల మీద నిలబడ్డ ఫోటో ఉంది. నిలబడ్డది ఆ ఒక్కసారేనని వాడే చెప్పాడు. ఇక 'ఐదు వేల రూపాయల్లో స్విట్జర్లాండ్' అని యూట్యూబ్‌లో వీడియోలు పెట్టేవాళ్ళున్నారు. వాళ్ళకి విమానం టికెట్ ఎవరు కొన్నారో, రాత్రి ఎవరింట్లో పడుకున్నారో మాత్రం చెప్పరు.

నెల విషయంలో మీకు అదృష్టం ఉంది. కొత్త సంవత్సరం రద్దీ అయిపోయాక, ఫిబ్రవరిలో అక్కడి స్కూళ్ళకి సెలవులిచ్చే లోపు రేట్లు కాస్త దిగుతాయి. దీన్ని వాళ్ళు యానువార్‌లోఖ్ అంటారు, జనవరి గుంట అని. పండగ ఖర్చులకి జేబులు ఖాళీ అయిపోయే నెలన్నమాట. మనకీ సంక్రాంతి అయ్యాక అదే పరిస్థితి కదా. అమ్మ సరిగ్గా సంక్రాంతి చేసుకుని, తెనాలి నుంచి అరిసెలు, చక్రాలు మోసుకుని దిగింది. ఆ డబ్బాలే మాకు మూడు రోజులు సగం తిండి. మిగతా సగం నేను పొద్దున్నే కలిపి డబ్బాలో పెట్టిన పులిహోర, స్టేషన్ ఎదురుగా ఉన్న కూప్ సూపర్‌మార్కెట్‌లో సాయంత్రం పూట తగ్గింపు స్టిక్కర్ వేసిన బ్రెడ్డు. హోటల్లో కూర్చుని ఒక్క పూట కూడా తినలేదు. ఫాండ్యూ (కరిగించిన చీజ్‌లో బ్రెడ్డు ముంచుకుని తినేది) తినకుండా వచ్చావా అని ఆఫీసులో అడుగుతారు. తినలేదు, ఇప్పటిదాకా ఏమీ కాలేదు.

రైలుకి సేవర్ డే పాస్ అని ఉంటుంది. ఆ రోజంతా స్విట్జర్లాండ్‌లో దాదాపు అన్ని రైళ్ళూ ఎక్కొచ్చు, ముందుగా కొంటే అప్పట్లో 52 ఫ్రాంకులకి దొరికింది. ఆ పాసుతో ఫిస్ప్ వరకు పెద్ద రైలు, అక్కడి నుంచి జెర్మాట్ వరకు కొండ రైలు. బోర్డు మీద ఆ ఊరి పేరు వి అక్షరంతో ఉంటుంది, పలకడం మాత్రం ఫిస్ప్. నేను విస్ప్ అని అడిగితే కౌంటర్ దగ్గర పెద్దావిడ నన్ను రెండుసార్లు సరిదిద్దింది.

పెట్రోలు, డీజిల్ కార్లని జెర్మాట్‌లోకి రానివ్వరు. కారులో వచ్చినవాళ్ళు ఐదు కిలోమీటర్ల కింద టేష్ అనే ఊళ్ళో ఆపేసి, పన్నెండు నిమిషాలు రైల్లో పైకి రావాలి. మీరు చవక అనుకుంటున్న రూములు ఈ టేష్‌లోనే ఉంటాయి. ఆ పన్నెండు నిమిషాల రైలుకి రానుపోను మనిషికి పదహారు ఫ్రాంకుల పైనే. ముగ్గురు రెండు రోజులు తిరిగితే వందకి దగ్గరవుతుంది. రూమ్‌లో మిగిలింది రైల్లో పోతుంది. ఈ లెక్క ఎవరూ వేయరేంటో నాకు అర్థం కాదు. మేము ఊళ్ళోనే ఒక హాస్టల్లో రెండు బంకు మంచాలు తీసుకున్నాం. అమ్మకి కింద మంచం ఇస్తామని మెయిల్లో ఒప్పుకుని, తీరా వెళ్ళాక పైది ఇచ్చారు. ఎదురు మంచం మీదున్న కొరియా అమ్మాయి పాపం తనంతట తనే లేచి కింది మంచం ఇచ్చింది.

ఊళ్ళో డబ్బు పెట్టకుండా చూసేవి బోలెడున్నాయి. అందులో అమ్మకి బాగా నచ్చింది మాటర్‌హార్న్ కాదు, హింటర్‌డార్ఫ్ అనే పాత వీధి. అక్కడ ఎండకి నల్లబడిపోయిన చెక్క గాదెలు ఉంటాయి, వందల ఏళ్ళనాటివి. ఒక్కోటి పొట్టి కర్ర కాళ్ళ మీద నిలబడి ఉంటుంది. ప్రతి కాలుకీ గాదెకీ మధ్య తిరగలి రాయంత గుండ్రటి బల్లపరుపు రాయి. ఇవేంటో చదవడానికి నేను బోర్డు కోసం వెతుకుతుంటే, అమ్మ వంగి ఆ రాతి అంచు కింద చెయ్యి పెట్టి చూసింది. "ఎలుక కర్ర పట్టుకుని ఎక్కినా ఇక్కడికొచ్చేసరికి తలకిందులుగా వేలాడాలే. ఎక్కలేదు. మీ తాతయ్యకి ఈ తెలివి తట్టలేదు, ఏటా నాలుగు బస్తాలు ఎలుకలకే పోసేవాడు" అంది. బోర్డు మీదా అదే రాసుంది, తాతయ్య సంగతి తప్ప.

ఊళ్ళో ఉన్న మాటర్‌హార్న్ మ్యూజియం టికెట్ కొనుక్కోండి, ఆ డబ్బు దండగ కాదు. 1865 జులై 14న మాటర్‌హార్న్ శిఖరం మొదటిసారి ఎక్కింది ఎడ్వర్డ్ వింపర్ అనే ఆంగ్లేయుడి బృందం. ఏడుగురు ఎక్కారు, దిగేటప్పుడు ఒకరు జారడంతో తాడు తెగి నలుగురు పోయారు. ఆ తెగిన తాడు అద్దాల పెట్టెలో పెట్టారు. చూస్తే పెరట్లో బట్టలారేసుకునే తాడు కంటే గొప్పగా ఏమీ లేదు. అమ్మ చాలాసేపు చూసి "తెగిందా, కోశారా?" అని అడిగింది. అప్పట్లో కూడా సరిగ్గా ఇదే అనుమానం వచ్చి విచారణ జరిగింది. మా అమ్మ టీవీ సీరియళ్ళు చూసి చెడిపోయిందని ఇకమీదట నేను అనను.

ఇప్పుడు నేను చేసిన తప్పు. గోర్నర్‌గ్రాట్ అని పళ్ళున్న చక్రాలతో కొండెక్కే రైలు ఒకటి ఉంది, 1898 నుంచి నడుస్తోంది, 3,089 మీటర్ల ఎత్తుకి తీసుకెళ్తుంది. ఇద్దరికీ కలిపి రెండొందలకి కాస్త తక్కువైంది. పైన కెమెరాలు ఉంటాయి, టికెట్ కొనేముందే ఫోన్లో కొండమీది ఆకాశం చూసుకోవచ్చు. చూశాను. తెల్లగా పాలగిన్నెలా ఉంది. మాకు పూర్తిగా దొరికింది ఆ ఒక్క రోజే. 'పైకి వెళ్ళేసరికి తేలిపోతుందిలే' అని హాస్టల్లో ఎవరో అన్నారు, నాకూ వినబుద్ధేసిన మాట అది. కొన్నాను.

తేలలేదు. పైన దిగితే ప్లాట్‌ఫారం అంచు కూడా సరిగ్గా కనపడలేదు. మాటర్‌హార్న్ ఎటువైపు ఉంటుందో బాణం గుర్తు ఉంది, ఆ బాణం తెల్లటి గోడని చూపిస్తోంది. అమ్మ చీర మీద నా పాత జాకెట్టు, మంకీ క్యాపు, కాళ్ళకి నా ఫ్రెండ్ దగ్గర అడిగి తెచ్చిన బూట్లు. గోడ పక్కన కూర్చుని అరిసె తీసింది. మైనస్ పదిహేనులో నెయ్యి, బెల్లం కలిసి అది పలకలా బిగుసుకుపోయింది. కొరికితే రాలేదు. మెట్టు అంచుకేసి కొట్టి రెండు ముక్కలు చేసి, ఒకటి నా చేతిలో పెట్టి, "బుగ్గన పెట్టుకో, అదే కరుగుతుంది" అంది. అలా బుగ్గన అరిసెతో గంటసేపు ఏమీ చూడకుండా కూర్చున్నాం. ఒక కెఫేలో ఫ్లాస్కులోకి వేడినీళ్ళు అడిగితే నాలుగు ఫ్రాంకులు వేశారు. నీళ్ళకి! ఊళ్ళో వీధి కుళాయిల్లో తాగే నీళ్ళు ఊరికే పారుతుంటాయి, వేడి చేసినందుకు నాలుగు ఫ్రాంకులు. అరవడానికి ఆ క్షణంలో జర్మన్ రాలేదు.

కిందికి వస్తుంటే నాకు ఏడుపొక్కటే తక్కువ. నెలంతా వారానికి ఇరవై గంటలు పార్ట్‌టైమ్ చేసిన డబ్బు అది. అమ్మ మాత్రం "రైలు బాగుందే" అంది.

మర్నాడు తెల్లవారుజామున ఎవరో భుజం కుదుపుతున్నారు. అమ్మకి ఇంకా తెనాలి టైమే నడుస్తోంది, మూడింటికే లేచి కూర్చుందట. "ఒసేయ్, చుక్కలు కనిపిస్తున్నాయే." కిటికీలోంచి చూస్తే నిజమే, ఆకాశం కడిగినట్టుంది. ఏడున్నరకల్లా చర్చి దగ్గర వంతెన మీదికి వెళ్ళిపోయాం. అప్పటికే ఓ ముప్పై మంది ఉన్నారు, కెమెరాలకి స్టాండ్లు వేసుకుని. మోటారు చప్పుడు లేని ఊరు కాబట్టి స్కీ బూట్ల టకటకలు వీధి చివర నుంచి కూడా వినిపిస్తున్నాయి. ఎనిమిది దగ్గర పడుతుండగా కొండ కొస ఒక్కటే ఎర్రబడింది, అగ్గిపుల్ల తల అంత. తర్వాత ఆ రంగు మెల్లగా కిందికి జారింది, నారింజ, ఆపైన పసుపు. కింద ఊరంతా ఇంకా నీలంగా చీకట్లోనే ఉంది. పక్కనున్నవాళ్ళంతా ఫోటోలు తీసుకుంటుంటే అమ్మ చేతులు జోడించింది. ఖర్చు సున్నా.

టేష్ నుంచి కూడా ఆ టైముకి రావచ్చు కదా అంటారు. రండి. మీ అమ్మగారిని పొద్దున్న ఏడింటికి మైనస్ పదిలో ప్లాట్‌ఫారం మీద నిలబెట్టి, ఆ రోజు మబ్బుందో లేదో తెలియకుండా టికెట్ కొని రండి. మాకు మంచం మీద నుంచే తెలిసింది, అదీ తేడా.

తిరుగు రైల్లో లెక్క రాశాను. స్విట్జర్లాండ్‌లో ఇద్దరికీ మూడు రోజులు, రెండు రాత్రులు కలిపి 718 ఫ్రాంకులు. ఆ గోర్నర్‌గ్రాట్ లేకపోతే ఐదొందల చిల్లరతో పోయేది. అమ్మ అద్దాలు పెట్టుకుని కాగితం తీసుకుంది. రూపాయల్లోకి మార్చడానికి తొంభైతో గుణించుకుంటుందని నాకు తెలుసు, అందుకే కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. కాసేపాగి పెన్ను అడిగింది.

"వేడినీళ్ళ నాలుగూ రాయలేదేమే?"