వర్చువల్ డిస్క్ పెంచినా లోపల పాత సైజే చూపిస్తోందా? మధ్యలో ఉన్న స్వాప్‌ను జరపండి

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇదీ: వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రామ్) డెబియన్ లినక్స్ మెషీన్, 20 జీబీ డిస్క్, అది నిండిపోయింది. డిస్క్‌ను 50 జీబీకి పెంచారు. అయినా లోపల రూట్ (సిస్టమ్ ఉండే ప్రధాన పార్టిషన్, అంటే డిస్క్‌లో ఒక భాగం) సైజు మారలేదు. జీపార్టెడ్ (పార్టిషన్లను మార్చే ప్రోగ్రామ్) పెట్టి చూస్తే పార్టిషన్ అంచు ఒక్క ఇంచు కూడా కుడివైపు జరగడం లేదు.

సరిగ్గా ఇక్కడే నేను రెండు రాత్రులు ఇరుక్కుపోయాను. కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను.

మీరు పెంచింది డిస్క్‌ను మాత్రమే. పక్కన స్థలం కొన్నంత మాత్రాన గది పెద్దదైపోదు, గోడ జరపాలి. పైగా మీ గదికీ ఆ కొత్త స్థలానికీ మధ్య ఇంకో గది ఉంది. అదే స్వాప్, ర్యామ్ చాలనప్పుడు సిస్టమ్ వాడుకునే చోటు. డెబియన్ ఇన్‌స్టాలర్ చెప్పినదానికల్లా సరే అంటూ పోతే, పాత తరహా ఎంబీఆర్ (పార్టిషన్ల పట్టికలో ఒక రకం) డిస్క్‌లో మొదట రూట్, దాని తర్వాత ఎక్స్‌టెండెడ్ అనే డబ్బా, ఆ డబ్బాలో స్వాప్ వస్తాయి. మీ 30 జీబీ ఖాళీ వీటన్నిటికీ అవతల చివర్న పడి ఉంటుంది. పార్టిషన్ తన పక్కనే ఆనుకుని ఉన్న ఖాళీలోకే పెరగగలదు. మధ్యవాటిని జరపాలంటే ఆ సిస్టమ్ నడుస్తూ ఉండకూడదు. జీపార్టెడ్‌ను విడిగా బూట్ చేసే డిస్క్ అవసరం అందుకే. మధ్యలో ఏ అడ్డమూ లేకపోతే అసలు ఇదంతా అక్కర్లేదు, రూట్‌లోని ఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌ను నడుస్తుండగానే పెంచేయొచ్చు.

డిస్క్‌తో బూట్ చేసేముందు స్నాప్‌షాట్లు (మెషీన్ అప్పటి స్థితిని దాచి పెట్టుకున్నవి) ఉన్నాయేమో చూడండి. నా మొదటి రాత్రి మొత్తం దీనికే పోయింది. జీపార్టెడ్‌లోకి వెళ్లి చూస్తే అక్కడా 20 జీబీయే! ఐఎస్ఓ (బూట్ డిస్క్ ఫైలు) పాడైందేమో అనుకుని మళ్లీ డౌన్‌లోడ్ చేశాను కూడా. సంగతేమిటంటే, స్నాప్‌షాట్ తీసిన తర్వాత మెషీన్ అసలు డిస్క్ ఫైలు మీద నేరుగా నడవదు, మార్పులన్నీ రాసుకునే వేరే ఫైలు మీద నడుస్తుంది. ఆ ఫైలుకు దాని సైజు దానికుంటుంది. నేను అసలు ఫైలును పెంచి కూర్చున్నాను, మెషీన్ చూస్తున్నది రెండోదాన్ని. మీదీ అదే కథ అయితే, ప్రస్తుత స్థితిని మాత్రమే కొత్త మెషీన్‌గా క్లోన్ చేసి, ఆ క్లోన్ డిస్క్‌ను పెంచుకోండి. పాతదాన్ని ముట్టుకోకుండా ఉంటుంది కాబట్టి అదే బ్యాకప్ కూడా అవుతుంది.

స్నాప్‌షాట్లు లేకపోతే మెషీన్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేసి, వీడీఐ ఫైలును (వర్చువల్ డిస్క్ అంతా ఇందులోనే ఉంటుంది) వేరేచోటికి కాపీ చేసి పెట్టుకోండి. ఈ పని చాలాసార్లు చేశాను, ఎప్పుడూ డేటా పోలేదు. అయినా కాపీ లేకుండా మాత్రం అప్లై నొక్కను.

ఇక బూట్ చేయడం. జీపార్టెడ్ లైవ్ ఐఎస్ఓను మెషీన్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ కింద ఆప్టికల్ డ్రైవ్‌కి తగిలించండి. బూట్ ఆర్డర్‌లో ఆప్టికల్‌ను పైకి తెండి. మెషీన్ సేవ్డ్ స్టేట్‌లో ఉంటే ఈ మార్పులు చేయనివ్వదు. కీబోర్డ్, భాష, డిస్‌ప్లే గురించి అడిగే ప్రశ్నలకు ఎంటర్ కొట్టుకుంటూ పోతే సరిపోతుంది.

తెర మీద పైన ఒక పొడుగాటి పట్టీ కనిపిస్తుంది. ఎడమవైపు పెద్ద పెట్టె రూట్. దాని పక్కన సన్నటి లేత నీలం చట్రం ఎక్స్‌టెండెడ్, అందులో స్వాప్. కుడి చివర్న బూడిద రంగులో అన్‌అలొకేటెడ్. స్వాప్ పక్కన చిన్న తాళంచెవి బొమ్మ ఉందేమో చూడండి. ఉంటే లైవ్ సిస్టమే దాన్ని వాడేసుకుంటోందని అర్థం. దాని మీద రైట్ క్లిక్ చేసి స్వాప్‌ఆఫ్ అనండి. ఇది చేయకపోతే తర్వాతవేవీ కదలవు.

వరుస ముఖ్యం. ముందు ఎక్స్‌టెండెడ్ కుడి అంచును చివరిదాకా లాగండి. ఇప్పుడు ఖాళీ ఆ డబ్బా లోపలికి వచ్చింది. స్వాప్‌ను ఆ ఖాళీకి కుడి కొసకు జరపండి. తర్వాత ఎక్స్‌టెండెడ్ ఎడమ అంచును స్వాప్ దాకా తోసేయండి. దాంతో ఖాళీ డబ్బా బయటపడి రూట్‌ను ఆనుకుంటుంది. చివరగా రూట్ కుడి అంచును లాగండి. ఇంతవరకు నిజంగా ఏమీ జరగలేదు, పనులన్నీ కింద జాబితాలో వరసగా చేరాయంతే. పచ్చ టిక్కు (అప్లై) నొక్కితేనే మొదలవుతాయి. అవి నడుస్తుండగా మెషీన్‌ను ఆపకండి, ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టుకోండి.

జరపడం ఎందుకు, స్వాప్‌ను డిలీట్ చేసి చివర్లో కొత్తది చేసుకోవచ్చు కదా అనిపిస్తుంది. నా రెండో రాత్రి ఆ తెలివితోనే గడిచింది. కొత్త స్వాప్‌కి కొత్త యూయూఐడీ (గుర్తింపు సంఖ్య) వస్తుంది, కానీ బూట్‌లో ఏ పార్టిషన్లు వాడాలో రాసి ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో పాతదే ఉంటుంది. ప్రతి బూట్‌కీ సిస్టమ్ ఆ లేని డిస్క్ కోసం 90 సెకన్లు ఎదురుచూస్తూ కూర్చునేది. మెషీన్ చచ్చిందనుకుని ఎన్నిసార్లు రీసెట్ కొట్టానో! ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో కొత్త యూయూఐడీ రాసి, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌కి (బూట్ మొదట్లో నడిచే చిన్న సిస్టమ్) చెందిన రెజ్యూమ్ ఫైలులోనూ మార్చి, దాన్ని అప్‌డేట్ చేస్తేగానీ దారికి రాలేదు. జీపార్టెడ్‌తో జరిపితే పాత యూయూఐడీయే ఉంటుంది. పైగా స్వాప్‌లో కాపాడాల్సిన డేటా ఉండదు కాబట్టి క్షణాల్లో అయిపోతుంది.

మీ డిస్క్ జీపీటీ (ఎంబీఆర్ తర్వాత వచ్చిన కొత్త రకం పట్టిక) అయితే ఈ ఎక్స్‌టెండెడ్ గొడవ ఉండదు. మొత్తం స్థలాన్ని వాడటం లేదు, సరిచేయాలా అని జీపార్టెడ్ తెరవగానే అడుగుతుంది, ఫిక్స్ నొక్కండి. జీపీటీ బ్యాకప్ పట్టిక డిస్క్ చివర్న ఉండాలి, డిస్క్ పెరిగాక అది మధ్యలో మిగిలిపోయింది కాబట్టి ఆ ప్రశ్న. ఎల్‌వీఎం (పార్టిషన్ లోపల లాజికల్ వాల్యూమ్‌లుగా స్థలాన్ని పంచే పద్ధతి) వాడి ఉంటే జీపార్టెడ్‌తో పని సగమే అవుతుంది, లోపలి లాజికల్ వాల్యూమ్‌ను, దాని ఫైల్ సిస్టమ్‌ను తర్వాత కమాండ్లతో పెంచుకోవాలి. గెస్ట్ (వర్చువల్ మెషీన్ లోపలి సిస్టమ్) విండోస్ అయితే ఫాస్ట్ స్టార్టప్ ఆపి పూర్తిగా షట్‌డౌన్ చేయండి, లేదంటే ఎన్‌టీఎఫ్‌ఎస్ పార్టిషన్‌ను ముట్టుకోనివ్వదు. అక్కడ స్వాప్ బదులు రికవరీ పార్టిషన్ అడ్డం ఉంటుంది.

అంతా అయ్యాక ఐఎస్ఓను డ్రైవ్ నుంచి తీసేయండి, లేకపోతే మళ్లీ జీపార్టెడ్‌లోకే వెళ్తారు. మామూలుగా బూట్ చేసి డీఎఫ్ (డిస్క్ స్థలం చూపే కమాండ్) కొట్టండి. నా మెషీన్‌లో రూట్ 48 జీబీ చూపించింది. మిగతాది స్వాప్‌కీ, ఫైల్ సిస్టమ్ సొంత లెక్కలకీ పోయింది. మీకు ఇంకా 19 దగ్గరే ఆగితే జీపార్టెడ్ పట్టీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టండి, చూసి చెప్తాను.